శిరస్త్రాణము – నాడును నేడును

శిరస్త్రాణమను మాట మనకు క్రొత్తది కాదు. శిరస్సును కాపాడునది శిరస్త్రాణము. మన కావ్యములలో కవచముతోపాటు దీనిని ధరింపక యుద్ధమునకు పోయిన వీరుడు అరుదు. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమున ఆయుధశాలను చూచినవారు వెనుకటి కాలపు ఉక్కు టోపీలను చూచియుందురు. అట్టి టోపీల అంచుననుండి మెడమీదికి ఇనుప గొలుసుల అల్లిక వ్రేలాడుచుండెడిది. తలను కాచి మెడను విడిచిన రక్షణ సగము రక్షణయే యని ఆనాటి కమ్మరికే తెలిసియుండెనని ఆ అల్లిక చెప్పుచున్నది.

అయితే ఆ శిరస్త్రాణమునకును, నేడు మోటారుసైకిలు నడుపువాడు ధరించు హెల్మెట్టునకును పేరొక్కటే గాని పని వేరు. పాతది ఎదిరి కత్తిని అడ్డగించుటకు పుట్టినది. కత్తి అంచు లోనికి దిగకుండిన చాలును. నేటి వాహనదారునకు ఎదిరి లేడు, కత్తి లేదు. అతని శత్రువు అతని వేగమే. బండి హఠాత్తుగా ఆగినను, ప్రక్కకు ఒరిగినను, పైనున్న మనిషి అదే వేగముతో ముందుకు పోవును. తల నేలకు తగిలి ఆగును. కాని పుఱ్ఱెలోని మెదడు ఆ క్షణముననే ఆగదు. అది లోపలి గోడకు ఒత్తుకొనును, మెలి తిరుగును, దానిని అంటియున్న సన్నని నెత్తురు నాళములు తెగును. పైకి గాయమంతగా కనబడకయే లోపల నెత్తురు నిండి ప్రాణము పోవుట ఇందువలననే. కనుక క్రొత్త శిరస్త్రాణము దెబ్బను అడ్డగించిన చాలదు. ఆగుటకు తలకు మరికొంత దూరమును, మరికొంత వ్యవధిని ఇయ్యవలెను. ఈ చిన్న సత్యము వస్తురూపము దాల్చుటకు దాదాపు నలువది యేండ్లును, అది శాసనరూపము దాల్చుటకు ఇంకను ఎక్కువ కాలమును పట్టెను.

లండను నగరమునకు సమీపమున బ్రూక్‌లాండ్సు అను మోటారు పందెముల బాట యుండెను. అచ్చటి వైద్యాధికారి ఎరిక్ గార్డ్‌నర్, పందెములలో పడినవారికి తలదెబ్బలు తరచుగా తగులుట గమనించి, 1914లో కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీలు చేయించెను. పందెములు జరుపు సంఘమువారు మొదట పెదవి విరిచిరి. పిదప ఒప్పుకొని, ఆ యేడు మాన్ దీవి పందెములలో పాల్గొను వారందరును వానిని ధరింపవలెనని నియమము చేసిరి. ఏటేట పందెముల తరువాత తనయొద్దకు వచ్చు తలదెబ్బల రోగులు ఆ యేడు రాలేదని దీవిలోని వైద్యుడొకడు గార్డ్‌నరుకు తెలిపెను. అయినను ఆ టోపీ చాలకాలము పందెగాండ్ర వస్తువుగనే నిలిచిపోయినది. బజారున పోవు మనుష్యునకు దానితో పనియేమి యని లోకము తలచెను.

ఆ తలంపును కదిలించినది ఒక ప్రసిద్ధుని మరణము. అరేబియా లారెన్సు అను పేరుతో లోకమెల్ల ఎరిగిన టి. ఇ. లారెన్సు 1935 మే 13న ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతమున తన మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్లపై వచ్చుచున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. తలకు శిరస్త్రాణము లేదు. ఆరు దినములు స్మృతి లేకయుండి, మే 19న, 46వ యేట మరణించెను. అతనికి చికిత్స చేయ వచ్చిన వైద్యులలో ఆస్ట్రేలియానుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన హ్యూ కెయిర్న్‌సు ఒకడు. మెదడు శస్త్రచికిత్సలో అప్పటికే పేరుగన్న ఆయనకు, తన విద్య అంతయు అక్కరకు రాని ఆ శయ్యప్రక్కన గట్టి ప్రశ్న యొకటి ఎదురైనది. పగిలిన తలను బాగుచేయుటకంటె పగులకుండ చూచుట సాధ్యము కాదా?

కెయిర్న్‌సు దానికి ఉపన్యాసములతో బదులు చెప్పలేదు, లెక్కలతో చెప్పెను. రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైన మొదటి 21 నెలలలో బ్రిటనులో 2,279 మంది మోటారుసైకిలుదారులు, వెనుక కూర్చున్నవారు రహదారులపై మరణించిరి. పరీక్షింపగా, అన్నిటికంటె ఎక్కువ ప్రాణములు తీసినది తలదెబ్బయేనని తేలినది. ప్రమాదమునాటికి శిరస్త్రాణము ధరించియున్నవారు ఆయన కంటబడినది ఏడుగురే. ఆ ఏడుగురును బ్రదికిరి. ఏడను సంఖ్య చిన్నదని ఆయన ఎరుగకపోలేదు. అందుచేత ఆ పగిలిన హెల్మెట్లనే ఎదుట పెట్టుకొని, దెబ్బ ఎచ్చట తగిలినది, తల ఎట్లు తప్పించుకొన్నది అని ఒక్కొక్కదానిని పరిశీలించి 1941 అక్టోబరులో బ్రిటిషు వైద్యపత్రికయందు ప్రకటించెను. ఆ నవంబరులోనే సైన్యమునందలి మోటారుసైకిలు వారందరును శిరస్త్రాణము ధరింపవలెనని ఆజ్ఞ వెడలినది. యుద్ధము ముగిసిన పిమ్మట 1946లో ఆయన మరల లెక్కలు తీసి, ఆజ్ఞ అమలైనప్పటినుండి మరణములు క్రమముగా తగ్గుచు వచ్చినవని చూపెను.

అదే కాలమున ఆక్సుఫర్డులో హోల్బర్న్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, మెదడును చెరచుటలో తల హఠాత్తుగా గిఱ్ఱున తిరుగుట ముఖ్యమైనదని 1943లో నిరూపించెను. తరువాత అమెరికాలో లోంబార్డు అను శాస్త్రజ్ఞుడు, గట్టి పైపెంకు క్రింద నలిగిపోవు మెత్తని పొరను అమర్చిన హెల్మెట్టుకు 1953లో పేటెంటు పొందెను. నేటి హెల్మెట్లకన్నిటికిని మూలము ఇదియే. ఇందులోని కిటుకు మన పెరటిలోనే యున్నది. పీచుతోనున్న టెంకాయ చెట్టుపైనుండి పడినను సామాన్యముగా పగులదు. పీచు ఒలిచి రాతిపై కొట్టిన ఒక్క దెబ్బకే పగులును. టెంక రెండుచోట్లను ఒక్కటే, తేడా పీచునందున్నది. హెల్మెట్టులోని నురుగుపొర ఆ పీచువంటిది. అది రెండు మూడు సెంటీమీటర్ల మేర తాను నలిగి, తలను మెల్లగా ఆపును. ఆగు దూరము పదింతలైనచో తగులు బలము పదవవంతగును. ఒకసారి నలిగిన పొర మరల పొంగదు. కనుక గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి చక్కగా కనబడినను మరల ధరింపరాదు.

ఇంత తేటపడినను శాసనములు వెంటనే రాలేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1961 జనవరి 1నుండి ప్రజలందరికిని శిరస్త్రాణమును నిర్బంధము చేసి దారి చూపినది. కెయిర్న్‌సు పనిచేసిన బ్రిటనులో అట్టి నియమము 1973 జూను 1న గాని అమలు కాలేదు. నాటికి ఆయన గతించి ఇరువది యేండ్లు దాటినది. అమెరికాలో 1966నాటి చట్టము ఒత్తిడిచేత రాష్ట్రములు ఒకటి వెంట ఒకటి నియమము చేసినవి. 1976లో ఆ ఒత్తిడి తొలగగనే పెక్కు రాష్ట్రములు దానిని రద్దుచేసుకొన్నవి. ఎల్లయెడల వినవచ్చిన వాదమొక్కటే: నా తల నాది, పగిలిన నష్టము నాదే, దానిని కప్పుకొమ్మని చెప్పుటకు ప్రభుత్వమెవరు?

ఈ ప్రశ్నకు మన దేశపు సర్వోన్నత న్యాయస్థానమున తీర్పు వెలువడినది. ఆ వ్యవహారము హైదరాబాదు రహదారులనుండియే పుట్టుట తెలుగువారు జ్ఞాపకముంచుకొనదగినది. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో మన పట్టణములలో మోటారుసైకిలు ఉన్నవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు బుల్లెట్టు, బొంబాయిలో లాంబ్రెట్టా తయారగుట ఆరంభమైనవి. పిదప బజాజు స్కూటర్లు, 1980లో టి.వి.ఎస్. 50, 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చి, ద్విచక్రవాహనము గుమాస్తాకును, రైతుకును, పాలవానికిని అందుబాటులోనికి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనముల నిబంధనలలో 498-ఎ అను నిబంధన చేరి, స్కూటరు నడుపువారు హెల్మెట్టు ధరింపవలెనని విధించెను. ఇది రాజ్యాంగము ప్రసాదించిన స్వేచ్ఛాసంచార హక్కునకు భంగమని అజయ్ కాను వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా అను వ్యాజ్యమున వాదము నడచెను. 1988లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. తలను కాపాడుకొనుమను నియమము సంచారమునకు అడ్డు కాదనియు, అది వాహనదారుని మేలుకొరకే యేర్పడినదనియు న్యాయస్థానము భావించెను. తల పగిలి మంచము పట్టినవానికి సంచారస్వేచ్ఛ ఎక్కడిది?

ఆ యేడే పార్లమెంటు క్రొత్త మోటారు వాహనముల చట్టమును చేసెను. అది 1989 జూలై 1నుండి అమలైనది. దాని 129వ సెక్షను, నడుపువానికే గాక వెనుక కూర్చున్నవానికిని శిరస్త్రాణమును విధించినది. తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు నిచ్చినది. హెల్మెట్టు తలపై నుంచుకొన్న చాలదు, పట్టీతో బిగించుకొనవలెనని స్పష్టపరచినది. 2019నాటి సవరణ నాలుగేండ్లు దాటిన పిల్లలను కూడ ఇందులో చేర్చినది. ఐ.ఎస్.ఐ. ముద్రలేని హెల్మెట్టును తయారుచేయుట, అమ్ముట 2021 జూను 1నుండి నిషిద్ధమైనది. కాగితముపై ఇంతకంటె చేయవలసినది కొద్దియే.

ఇక చూడవలసినది కాగితమునకును రహదారికిని నడుమనున్న దూరము. దానిని చూచుటకు మేడ్చల్, శామీర్‌పేటలకంటె తగిన చోటు లేదు. న్యాయవిద్యకు నెలవైన నల్సార్ విశ్వవిద్యాలయము శామీర్‌పేటలోనే యున్నది. ప్రమాదస్థలమునకు పరుగెత్తు 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. దానిని నడపు సంస్థ తన ప్రధాన కార్యాలయమును మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్ వద్ద నెలకొల్పినది. శాసనమును బోధించుచోటును, క్షతగాత్రులను చేరదీయుచోటును ఇంత చేరువలో నున్న ప్రాంతము మరియొకటి కలదో లేదో. ఐనను ఈ రెంటికి నడుమ పోవు బండ్లపై బోడితలలు కనబడుచునే యున్నవి.

ఈ రెండు ఊళ్లును హైదరాబాదునకు ఉత్తరమున, పాతిక కిలోమీటర్లకు అటునిటుగా నున్నవి. మేడ్చల్ మీదుగా నాగపూరు రహదారి పోవుచున్నది; వెనుక దానిని 7వ నెంబరు జాతీయ రహదారి యనెడివారు, నేడు 44వది. శామీర్‌పేట మీదుగా కరీంనగరు దారి, అనగా రాజీవ్ రహదారి, పోవుచున్నది. ఒకప్పుడు మేడ్చలు అనగా మన్మాడు రైలుమార్గముపై నొక స్టేషను. శామీర్‌పేట యనగా నిజాము కాలపు పెద్ద చెరువు, చుట్టును ద్రాక్షతోటలు. ఎడ్లబండి వేగమునకు, సైకిలు వేగమునకు అలవడిన ఊళ్లు అవి. ఎడ్లబండి తిరుగబడినను మనిషి దుమ్ము దులుపుకొని లేచెడివాడు.

ఇరువది యేండ్లలో ఈ ముఖచిత్రము మారిపోయినది. తుర్కపల్లి ప్రాంతమున జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, మేడ్చల్ పరిసరమున కర్మాగారములు, గిడ్డంగులు, కళాశాలలు వెలసినవి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఈ రెండు ఊళ్ల ప్రక్కనుండి సాగినది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా యేర్పడినది. వలయ రహదారి నడిబాటపై ద్విచక్రవాహనములకు ప్రవేశము లేదు. అవి ప్రక్కనున్న సర్వీసు రోడ్డున పోవలెను. అక్కడనే లారీలు ఆగును, బస్సులు మలుగును, ఊరిలోనివారు ఎదురుదిశన వచ్చెదరు. పగలు షిఫ్టునకు పోవు కార్మికుడు, రాత్రి షిఫ్టునుండి నిద్రకన్నులతో మరలు కార్మికుడు, రెండు ప్రక్కల క్యానులు వ్రేలాడదీసిన పాలవాడు, కాలేజీ పిల్లలు – అందరును ఆ దారినే పంచుకొందురు. ఊరి వేగమును, రహదారి వేగమును ఒక్కచోట కలియుటయే ఈ ప్రాంతపు ప్రమాదములకు మూలము. తలకు గట్టి దెబ్బ తగిలినవానిని నిమ్స్‌కో గాంధీ ఆసుపత్రికో చేర్చవలెనన్న, అల్వాలు, బోయినపల్లి రద్దీని దాటి పోవలెను. మెదడులో నెత్తురు నిండుచున్నప్పుడు నిమిషములు గంటలవలె విలువైనవి.

హెల్మెట్టు వద్దనువారు చెప్పు కారణములను తేలికగా త్రోసివేయరాదు. ఒక్కొక్కదానిని తూచి చూడవలెను. మొదటిది, ‘ఊళ్లోకే గదా, ఇంత దూరమే గదా’ యనునది. బండిపై కూర్చున్నవాని తల నేలకు సుమారు మీటరున్నర యెత్తున నుండును. బండి పూర్తిగా ఆగియున్నప్పుడు ప్రక్కకు పడినను, ఆ తల గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. నలువది కిలోమీటర్ల వేగముతో పోయి గోడకు తగులుట, ఆరు మీటర్ల మిద్దెపైనుండి పడుటతో సమానము. నేలకు దూరపు ప్రయాణమనియు, దగ్గరి ప్రయాణమనియు భేదము లేదు. రెండవది ఎండ, చెమట. మన వేసవిలో ఇది నిజమైన బాధయే. లోపల పలుచని నూలుగుడ్డ కట్టుకొనుటయు, గాలి రంధ్రములున్న హెల్మెట్టును ఎన్నుకొనుటయు దీనికి విరుగుడు. చెమట తుడుచుకొన్న పోవును.

మూడవది మెడను గూర్చినది. హెల్మెట్టు బరువుచేత ప్రమాదమున మెడ విరుగునను అనుమానము 1980 ప్రాంతమున పండితులలో కూడ నుండెను. దానిని తీర్చుటకు అమెరికాలో నలువదివేలకు పైగా మోటారుసైకిలు ప్రమాదములను పరిశీలించి 2011లో ఫలితములను ప్రకటించిరి. హెల్మెట్టు ధరించినవారికి మెడవెన్ను గాయములు 22 శాతము తక్కువగనే తగిలినవి. అంతకు ముందు 2008లో, పలు దేశముల పరిశోధనలను కలిపి చూచిన కాక్రేన్ సమీక్ష, హెల్మెట్టువలన మరణాపాయము 42 శాతము, తలగాయము 69 శాతము తగ్గునని తేల్చినది. మెడకు నిజముగా కీడు చేయునది ప్రమాదము తరువాత మనము చూపు తొందర. పడినవానిని భుజములు పట్టి కూర్చుండబెట్టుట, హెల్మెట్టును ఒక్కరే పట్టి లాగుట కూడని పనులు. ఊపిరి ఆడుచున్నంతవరకు అతనిని కదలింపక 108కి తెలుపవలెను. హెల్మెట్టు తీయక తప్పనప్పుడు ఒకరు తలను, మెడను కదలకుండ పట్టుకొనగా, మరియొకరు పట్టీ విప్పి మెల్లగా తీయవలెను.

కెయిర్న్‌సు నాడు 2,279 మరణములు లెక్కించెను. మన కేంద్రప్రభుత్వ నివేదిక ప్రకారము 2022లో భారతదేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో హెల్మెట్టు ధరింపనివారు 50,029 మంది. ధరించియున్నచో అందరును బ్రదికెడివారని చెప్పరాదు. లారీ చక్రము క్రిందబడినవానిని ఏ టోపీయు కాపాడలేదు. కాని ఆ యేబదివేలలో మరియొక సంఖ్య దాగియున్నది. 14,337 మంది బండి నడుపువారు కారు, వెనుక కూర్చున్నవారు. అనగా ఒకరి భార్య, ఒకరి తల్లి, ఒకరి బిడ్డ, ఒకరి స్నేహితుడు.

ఈ సంఖ్య మన యిండ్లలోని ఒక అలవాటును పట్టి యిచ్చుచున్నది. చాల యిండ్లలో బండికి ఒక్కటే హెల్మెట్టు. అది జరిమానాకు వెరచి కొన్నది. పోలీసు నిలుచు కూడలి వచ్చువరకు అద్దమునకో, మోచేతికో వ్రేలాడును. కూడలి వచ్చినప్పుడు తలకెక్కును. పట్టీ మాత్రము బిగియదు. పట్టీ బిగియని హెల్మెట్టు తలకంటె ముందే నేలకు చేరును. శాసనము రహదారివరకు రాగలదు, కూడలిలో నిలువగలదు, గడప దాటి లోనికి రాలేదు. నా తల నాది యనువాడు దాని నష్టమును తానొక్కడే మోయునని అనుకొనుచున్నాడు. ఆసుపత్రి వసారాలో రాత్రియంతయు కూర్చుండువారును, పొలమమ్మి బాకీ తీర్చువారును, చదువు మాని పనికి పోవు పిల్లలును వేరు. అజయ్ కాను వ్యాజ్యమున న్యాయస్థానము వాహనదారుని మేలుననుసరించి తీర్పు చెప్పెను. ఇల్లు తన మేలుననుసరించి తీర్పు చెప్పుకొనవలసియున్నది. మేడ్చలులోనైనను, శామీర్‌పేటలోనైనను, ఆ తీర్పు అమలగుటకు కావలసినవి రెండే: బండిపై ఎందరు కూర్చుందురో అన్ని హెల్మెట్లు, బయలుదేరుటకు ముందు ఒకరి పట్టీని మరియొకరు బిగించి చూచు అలవాటు.